చీరల దుకాణం వెబ్‌సైట్‌కు బేరాలు రాకపోతే మళ్లీ కొత్తగా కట్టించాలా?

ముప్పై వేలు పెట్టి మీ నాన్నగారి చీరల దుకాణానికి చేయించిన వెబ్‌సైట్ ద్వారా ఏడాదిగా ఒక్క బేరమూ రాలేదని, దాన్ని తీసేసి కొత్తది కట్టించాలా, ఉన్నదాన్నే సరిచేసుకోవచ్చా అని మీరు అడిగారు. తీసేయవలసిన అవసరం ఉండకపోవచ్చు. మంగళగిరిలో నిజాం అంచు నూలు చీరలు అమ్మే మా మామగారి చిన్న దుకాణానికి సైట్ చూసుకునే పని నాలుగేళ్లుగా నాదే కాబట్టి, మేము చేసిన తప్పులతో సహా చెబుతాను.

అన్నిటికంటే ముందు, మీ డొమైన్ పేరు, అంటే సైట్ చిరునామా, ఎవరి ఖాతాలో ఉందో ఈ రోజే కనుక్కోండి. మా సైట్ చేసిపెట్టిన అబ్బాయి, పని సులువవుతుందని, పేరును తన సొంత ఖాతాలోనే కొన్నాడు. రెండేళ్లకు అతను ఉద్యోగం వచ్చి ఊరు మారిపోయాడు, రెన్యువల్ చేయమని హెచ్చరించే మెయిళ్లు అతనికే వెళ్లాయి, దసరా బేరాలు మొదలయ్యే వారంలో మా సైట్ ఆగిపోయింది. బిల్లు పుస్తకాల మీదా, చీరలు పెట్టి ఇచ్చే సంచుల మీదా అచ్చు వేయించిన చిరునామాను వదులుకుని మేము కొత్త పేరు కొనుక్కోవలసి వచ్చింది. డొమైన్, హోస్టింగ్ (సైట్‌ను ఉంచే అద్దె చోటు) రెండూ మీ ఇంట్లోవారి మెయిల్, ఫోను నంబర్లతోనే ఉండాలి. పని చేసేవారికి విడిగా లాగిన్ ఇస్తే సరిపోతుంది.

ఇక సైట్‌లో ఏమి ఉండాలనే విషయానికి వస్తే, నాకు దారి చూపించింది మా అత్తగారి పుస్తకం. ఫోనులో ఎవరు ఏమి అడిగినా ఆవిడ ఒక పాత నోట్‌బుక్‌లో రాసి పెట్టుకుంటారు. ఒకరోజు తిరగేస్తే, మూడు నెలలుగా జనం అడుగుతున్నవి అవే ఏడెనిమిది ప్రశ్నలని తెలిసింది: జాకెట్టు గుడ్డ చీరతోపాటే వస్తుందా, మొత్తం పొడవు ఎంత, మొదటి ఉతుకులో రంగు దిగుతుందా, జరీ అంచు నల్లబడుతుందా, హైదరాబాదుకు ఎన్ని రోజుల్లో చేరుతుంది, కొరియర్ ఖర్చు ఎవరిది, అమెరికాలో ఉన్న మా అమ్మాయికి పంపగలరా. వీటిలో ఒక్కదానికీ మా సైట్‌లో సమాధానం లేదు. ఉన్నవల్లా కదిలే బొమ్మల వరుస, మామగారి తాతగారి గురించి పెద్ద వ్యాసం, ‘నాణ్యతే మా ధ్యేయం’ అన్న వాక్యం. ఆ వాక్యం చూసి చీర కొన్నవారు నాకు ఇంతవరకు తారసపడలేదు. మీరు కూడా ఒక నెలపాటు ఇలా రాసిపెట్టుకుని, మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలకు జవాబులను ప్రతి చీర ఫొటో కిందనే, ధరతో సహా, ఇవ్వండి.

ఫొటోల దగ్గర మాకు బాగా దెబ్బ తగిలింది. నెమలికంఠం రంగు చీరకు పడుగు (నిలువు దారాలు) ఒక రంగు, పేక (అడ్డ దారాలు) మరొక రంగు. నీలం, ఆకుపచ్చ కలిసి మడత తిరిగినప్పుడల్లా రంగు మారుతుంది. దుకాణంలో ఎల్‌ఈడీ లైట్ల కింద తీసిన ఫొటోలో అది ఉత్త నీలంగా కనిపించడంతో, కొన్నవారు వేరే చీర పంపారని తిప్పి పంపేశారు. అప్పటినుంచి ఉదయం ఎండ నేరుగా పడని వరండాలో, ఒక మడత పైకి తీసి రెండు ఛాయలూ కనిపించేలా ఒకటి, అంచును దగ్గరగా మరొకటి ఫొటోలు తీస్తున్నాం. ఫోనులో తీసిన ఫొటో ఒక్కొక్కటి నాలుగైదు ఎంబీలు ఉంటుంది. అలాంటివి నలభై ఒకే పేజీలో పెడితే పల్లెలో మొబైల్ డేటా మీద అది తెరుచుకునే లోపల చూసేవారు వెళ్లిపోతారు. వెడల్పు 1200 పిక్సెళ్లకు తగ్గించి వెబ్‌పీ అనే తేలికైన ఫొటో రూపంలోకి మారిస్తే మాకు ఒక్కొక్కటి 150 కేబీ దాటడం లేదు. పేజీ ఎంత వేగంగా తెరుచుకుంటుందో చెప్పే గూగుల్ వారి పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మీ సైట్ చిరునామా ఇచ్చి చూసుకోండి. పేజీలో ముఖ్యమైన పెద్ద భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలన్నది అక్కడి లెక్క.

తెలుగులో రాసిన వివరాలు ఏ రూపంలో ఉన్నాయో కూడా చూడండి. కరపత్రాలు అచ్చువేసే ప్రెస్ వారు అను ఫాంట్లలో (అచ్చు పనికి వాడే పాత తెలుగు ఫాంట్లు) టైపు చేసి ఇచ్చిన పాఠాన్ని సైట్‌లో అతికిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వచ్చాయి. అందుకని ఆ అబ్బాయి దాన్నంతా బొమ్మగా మార్చి పెట్టాడు, వెతికేవారికి అందులోని మాట ఒక్కటీ దొరకలేదు. మేము మొత్తం యూనికోడ్‌లో, అంటే ఏ ఫోనులోనైనా తెలుగుగానే కనిపించే రూపంలో, మళ్లీ టైపు చేశాం. జనం ఏ మాటలతో వెతికి సైట్‌కు వస్తున్నారో చూపే, డబ్బు ఖర్చులేని గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో చూస్తే, మావైపు వచ్చేవారిలో ఎక్కువమంది తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి వెతుకుతున్నారని తెలిసింది, కాబట్టి చీరల పేర్లను రెండు లిపుల్లోనూ రాస్తున్నాం. గూగుల్‌లోనూ, మ్యాప్‌లోనూ దుకాణాన్ని చూపే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ కూడా ఉచితమే. దుకాణానికి దారి అడిగే ఫోన్లు దానితో బాగా తగ్గాయి.

ఆన్‌లైన్‌లో డబ్బు కట్టించుకోవడానికి మాత్రం తొందరపడకండి. చేనేతలో చాలా చీరలు ఒక్కొక్కటే ఉంటాయి. దుకాణంలో ఉదయం అమ్ముడైన చీరకు మధ్యాహ్నం సైట్‌లో ఒకావిడ డబ్బు కట్టేసరికి, మామగారు ఆవిడను సముదాయించలేక ఫోను నా చేతికిచ్చారు. ఇప్పుడు ప్రతి చీరకూ ఒక నంబరు, దాని కింద వాట్సాప్ బటన్ ఉన్నాయి. నొక్కితే ఆ నంబరుతో సందేశం సిద్ధంగా వస్తుంది, చీర ఉందని మేము చెప్పాకే యూపీఐలో డబ్బు వేస్తారు. అమ్మకాలు పెరిగి పేమెంట్ గేట్‌వే (సైట్‌లోనే డబ్బు కట్టించుకునే సేవ) కావాలనుకున్నప్పుడు, ఆ సేవ ఇచ్చే కంపెనీవారు అనుమతి ఇచ్చే ముందు సాధారణంగా సైట్‌లో మీ దుకాణం చిరునామా, వాపసు, రవాణా, గోప్యత నిబంధనల పేజీలు ఉన్నాయా అని చూస్తారు. ఇప్పుడే రాసి ఉంచితే అప్పుడు ఆలస్యం కాదు.

ఈ మార్పులన్నీ పాత సైట్‌లోనే, ఆదివారాలు కూర్చుని, రెండు నెలల్లో చేసుకున్నాం. అత్తగారి పుస్తకంలో ఈ మధ్య తరచుగా కనిపిస్తున్న ప్రశ్న, రెండు చీరలు తీసుకుంటే ధర ఏమైనా తగ్గిస్తారా అన్నది ఒక్కటే. దానికి సైట్‌లో జవాబు రాయడానికి మామగారు ఇంకా ఒప్పుకోలేదు.