నాలుగు ఆస్కార్ చేపలు, ఒక చిట్టీ

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. జీతం 32 వేలు, ఎండాకాలం సెలవుల్లో రాదు. ఏడాది కింద రెండంగుళాల ఆస్కార్ పిల్లలు నాలుగు తెచ్చి 3 x 1.5 x 1.5 అడుగుల ట్యాంకులో వేశాను. ఇప్పుడు ఒక్కోటి తొమ్మిది అంగుళాలు. రోజూ కొట్లాటే, నీళ్లు వాసన. ఆరడుగుల ట్యాంకు, ఫిల్టరు, స్టాండు కలిపి 70 వేలు అడుగుతున్నారు. పాప ఇంటర్ ఫీజు కోసం వేసిన 20 నెలల లక్ష చిట్టీ ఆరో నెలలో ఉంది. పోయిన నెల పాట 27 వేల దాకా పోయింది. పాడుకోమంటారా?

జవాబు: వద్దు. మీ ట్యాంకులో మూడు చేపలు ఎక్కువున్నాయి, అంతే. దానికి చిట్టీ ముట్టుకునే పని లేదు.

ముందు ట్యాంకు సంగతి. మీ కొలతలకు దాదాపు 190 లీటర్ల నీళ్లు పడతాయి. ఆస్కార్ అడుగు దాకా పెరుగుతుంది, పదేళ్లు పైనే బతుకుతుంది. ఒక్కదానికే 250 లీటర్లు ఉంటే మంచిది. మీరు నాలుగింటిని పెట్టారు. తిండి ఎక్కువ, మలం ఎక్కువ, దాంతో నీళ్లలో అమ్మోనియా. ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా దాన్ని అంత తొందరగా విరగ్గొట్టలేక వాసన వస్తోంది. కొనేటప్పుడు రెండంగుళాల చేపకు లెక్క వేస్తాం, పెంచాల్సింది మాత్రం అడుగు చేపను. ఈ తప్పు ఇన్‌స్టాల్‌మెంట్ మీద బండి కొనేవాళ్లూ చేస్తారు, మీరొక్కరే కాదు.

"ఇంకో నాలుగు వేస్తే కొట్లాట తగ్గుద్ది" అని ఎవరన్నా చెబితే వినకండి. అది ఆఫ్రికాలోని మలావీ సరస్సులో ఉండే సిక్లిడ్ అనే జాతి చిన్న చేపలకు వాడే పద్ధతి, దానికీ గట్టి ఫిల్టరు కావాలి. దక్షిణ అమెరికా ఆస్కార్లకు అది పనికిరాదు.

ఇక 70 వేలు. ఇప్పుడు 27 వేలకు పాడితే చేతికొచ్చేది 73 వేలు. చివరి నెల దాకా ఆగితే, కమిషన్ 5 శాతం అనుకున్నా, 95 వేలు. అంటే డబ్బు ముందే తీసుకున్నందుకు 22 వేలు వదులుకుంటున్నారు. ఆపైన 14 కిస్తులు కట్టాలి, అందులో జీతం రాని ఎండాకాలం కూడా ఉంటుంది. ఎత్తాలంటే జమానతు సంతకాలు పెట్టించాలి. పెట్టేవాళ్లు "దేనికి?" అని అడిగితే చేపలకని చెప్పగలరా?

కొన్నాక ఖర్చు ఆగదు. 6 x 2 x 2 ట్యాంకంటే 680 లీటర్లు. నీళ్లే దాదాపు ఏడు క్వింటాళ్లు. కిరాయి ఇంట్లో, అదీ పైఅంతస్తులో ఉంటే ఓనర్‌ని అడక్కుండా పెట్టకండి. వారానికి మూడో వంతు నీళ్లు మార్చాలంటే దాదాపు 225 లీటర్లు మోయాలి. 40 వాట్ల ఫిల్టరు రాత్రింబవళ్లు తిరిగితే నెలకు 29 యూనిట్లు. చలికాలం 300 వాట్ల హీటర్ రోజుకు ఎనిమిది గంటలు వెలిగినా ఇంకో 72. మీకు తెలంగాణ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తుంటే 200 యూనిట్లు దాటిన నెల మొత్తం బిల్లు మీ మీదే పడుతుంది. షాపువాళ్లు చెప్పే ధరలో ఇదేదీ ఉండదు.

నేనైతే ఇట్ల చేస్తా. నాలుగింట్లో నెమ్మదిగా ఉన్న ఒక్కదాన్ని ఉంచుకుని మిగతా మూడింటిని ఈ వారమే ఇచ్చేస్తా. కొన్న షాపులోనే అడగండి. డబ్బు రాకపోతే బదులు మేతో మందో తీసుకోండి. ఊరికే ఇవ్వాల్సి వచ్చినా ఇవ్వండి, పెద్దవైన కొద్దీ తీసుకునేవాళ్లు దొరకరు. పెద్దచెరువులో మాత్రం వదలకండి. దెయ్యం చేప అని మన నీళ్లలో పాకిన సక్కర్ చేప కూడా మొదట అక్వేరియం నుంచి వచ్చిందే.

ఆ ఒక్కదానికి ఇప్పుడున్న ట్యాంకే కొంతకాలం నడుస్తుంది. వారానికి నాలుగైదు బకెట్లు మార్చండి, నల్లా నీళ్లయితే క్లోరిన్ విరిచే చుక్కలు వేయండి, మేత తగ్గించండి. నెలకు వెయ్యి పక్కన పెడుతూ పోతే ఏడాదిలో సెకండ్ హ్యాండ్‌లో నాలుగడుగుల ట్యాంకు వెతుక్కోవచ్చు. వదిలించుకునేవాళ్లు ఎక్కువే ఉంటారు, బేరం ఆడండి. అందులో నీళ్లు నింపి రెండు రోజులు బయట పెట్టి కారుతోందేమో చూశాకే డబ్బులివ్వండి.

ఈ నెల చిట్టీ పాటకు వెళ్లండి. చెయ్యెత్తకుండా కూర్చుని, మీ వంతు డివిడెండ్ పోను కిస్తు కట్టి రండి.