మీటింగ్ పెట్టారు సరే, ఫిర్యాదు రాసిచ్చారా?

ప్రశ్న: మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్తాను. మొత్తం 40 మందిమి. బతుకమ్మకు ముందు మేనేజర్ రాత్రిళ్లు అసభ్యంగా మెసేజ్‌లు పెట్టేవాడు. ఇంట్లో చూస్తారని అవి తీసేశాను. వద్దని గట్టిగా చెప్పినప్పటి నుంచి హమాలీల ముందు, లారీ డ్రైవర్ల ముందు తిడుతున్నాడు. వరికోతలప్పుడూ అంతే. ఓనరుకు చెప్పుకుంటే వేధింపుల నివారణ మీద మీటింగ్ పెట్టించి, అందరి సంతకాలు తీసుకున్నారు. ఏమీ మారలేదు. రాజీనామా చేసి కేసు వేయమంటున్నారు మావాళ్లు. వేయొచ్చా?
– ఒక సోదరి

జవాబు: మీ ఉత్తరం నిండా మేనేజర్ తిట్ల సంగతే ఉంది. మీ కేసేమో ఒక్క వాక్యంలో ఉంది: మెసేజ్‌లు వద్దన్నాకే తిట్లు మొదలయ్యాయి. పై అధికారి ఊరికే తిడితే, దానికంటూ మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. లైంగిక వేధింపుతో ముడిపడితే మాత్రం ఆ తిట్లు కూడా పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం కిందికి వస్తాయి. ఆ ముడి చూపించాల్సింది మీరే.

చివరి ఘటన జరిగిన 3 నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. సరైన కారణం ఉంటే ఫిర్యాదును విచారించే కమిటీ ఇంకో 3 నెలల వరకు గడువు పెంచవచ్చు, అంతకుమించి లేదు. మీరు 'బతుకమ్మకు ముందు', 'వరికోతలప్పుడు' అని రాశారు. తేదీలేవమ్మా? పైగా ఇంట్లో చూస్తారని మెసేజ్‌లు తీసేశారట! లెక్కలు రాసే మనిషి చేయాల్సిన పనేనా? ఆ ఫోన్ అమ్మకండి, రీసెట్ చేయకండి. బ్యాకప్‌లో దొరకొచ్చు. దొరికితే స్క్రీన్‌షాట్లతో సరిపెట్టకండి, కోర్టు దాకా వెళ్తే ఫోన్‌లాంటి వాటిలోని సాక్ష్యానికి జతచేయాల్సిన భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి. అప్పట్లో అక్కకో స్నేహితురాలికో చెప్పుకుని ఉంటే వాళ్లూ సాక్షులే.

రాజీనామా మాత్రం చేయొద్దు. 'వ్యక్తిగత కారణాల వల్ల' అని మీరు రాసిచ్చిన కాగితాన్నే రేపు అవతలి వకీలు చూపిస్తాడు. అక్కడ కూర్చోలేకపోతే, విచారణ నడిచేటప్పుడు 3 నెలల వరకు అదనపు సెలవు ఇప్పించమని కమిటీని రాతపూర్వకంగా అడగవచ్చు.

ఇక ఆ మీటింగ్ సంగతి. టీ, బిస్కెట్లు, సంతకాలతో వేధింపులు ఆగవు. ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలో గోడ మీద కనబడాలి, విచారణ పూర్తిగా ఓనరు మనుషుల చేతిలోనే ఉండకూడదు, ఫలానా రోజుకు తేలాలి. చట్టం పెట్టిన ఏర్పాటు అదే. 10 మంది, అంతకుమించి పనిచేసే ఏ చోటైనా ఇంటర్నల్ కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు మహిళ, సభ్యుల్లో కనీసం సగం మహిళలు, ఒకరు బయటివారు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. కమిటీ వేయని ఓనరుకు 50,000 రూపాయల వరకు జరిమానా.

ఈ వారమే ఫిర్యాదు రాయండి. తేదీలు, సాక్షుల పేర్లు, చిరునామాలు, ఆలస్యానికి కారణం అందులో ఉండాలి. 6 కాపీలు తీయండి. మిల్లులో కమిటీయే లేకపోతే ఓనరుకు రిజిస్టర్ పోస్టులో ఒకటి పంపి, నల్లగొండ కలెక్టరేట్‌లో జిల్లా లోకల్ కమిటీ ఎక్కడో కనుక్కుని అక్కడా ఇవ్వండి. ఇచ్చినచోటల్లా మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి.