బెంగళూరులో ఉండి కార్టూన్లకు కామెడీ రాస్తూ బతకొచ్చా?

ఇంజనీరింగ్ అయింది, కామెడీ రాయడం ఇష్టం, బెంగళూరులో ఇన్ని యానిమేషన్ స్టూడియోలున్నాయి కదా, రైటర్‌గా పని దొరుకుతుందా అని అడిగారు. నేను ఇక్కడుండి చేస్తున్నది ఆ పనే.

దొరుకుతుంది. కానీ స్టూడియోల సంఖ్య చూసి లెక్కలు వేసుకోకండి. వీటిలో చాలావాటిది విదేశీ కంపెనీలకు బొమ్మల్ని కదిలించి ఇచ్చే పని. స్క్రిప్టు వాళ్లే రాసుకుని పంపిస్తారు. రైటర్ కావాల్సింది సొంత షోలు తీసే చోట. ఛోటా భీమ్ తీసిన గ్రీన్ గోల్డ్ హైదరాబాద్‌ది. నాకు వచ్చే పనిలో ఎక్కువ భాగం ముంబయి నుంచి, వీడియో కాల్స్ మీదే నడుస్తుంది.

టీవీ కార్టూన్ ఎపిసోడ్ మామూలుగా 11 నిమిషాలు. ఒకదాంట్లో పెళ్లి భోజనాల సీన్ రాశాను. బంతి నిండా జనం, ఒక పిల్లాడు విస్తరి విస్తరికీ వెళ్లి లడ్డూలు లాగేస్తుంటాడు. స్క్రిప్టుని వరస బొమ్మలుగా గీసే స్టోరీబోర్డ్ ఆర్టిస్ట్ చదివి, "ఇంతమందిని ఎవరు గీస్తారండీ?" అన్నాడు. సినిమాకైతే జూనియర్ ఆర్టిస్టుల్ని పిలుస్తారు. ఇక్కడ ఒక్కొక్కరినీ డిజైన్ చేయాలి, కదిలించాలి. ఇద్దరం కూర్చుని కెమెరాని బల్ల కిందకి దించాం. వరసగా కాళ్లు, మధ్యలో పాకుతూ పిల్లాడు. చెయ్యి పైకెళ్తుంది, లడ్డూతో కిందకొస్తుంది. పైనుంచి గొంతులే: "నా లడ్డూ ఏదీ?" "ఇందాకే తిన్నారుగా!" "నేనా?" యానిమాటిక్ (ఆ బొమ్మల్నే గొంతులతో కలిపి చేసే చిత్తు వీడియో) వేసినప్పుడు గదంతా నవ్వింది. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆ నవ్వు వినడమే.

మనం జంధ్యాల గారి మాటలు వింటూ పెరిగినవాళ్లం. ఆ చెవి తప్పకుండా పనికొస్తుంది. కాకపోతే ఒకే ఎపిసోడ్ హిందీ, తమిళం, తెలుగు అన్నిట్లోనూ వెళ్తుంది కాబట్టి, మాట మీదే నిలబడ్డ జోకు సగం చోట్ల పేలదు.

డబ్బు ఎపిసోడ్‌కి ఇంత అని, విడతలుగా ఇస్తారు. ఒక షో మధ్యలో ఆగిపోయి నాకు ఆఖరి విడత రాలేదు. అందుకే ఔట్‌లైన్‌కి ఎంత, మొదటి డ్రాఫ్టుకి ఎంత, టైటిల్స్‌లో పేరు ఎలా వేస్తారు, అన్నీ ముందే రాయించుకోండి. ముంబయి స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్‌లో చేరితే స్క్రిప్టుల్ని ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకోవచ్చు.

చేతిలో ఉద్యోగం ఉంటే ఇప్పుడే మానకండి. ఇక్కడి యానిమేషన్ కాలేజీల్లో ఆఖరి సంవత్సరం పిల్లలు తమ ఫిల్ముకి కథ వెతుక్కుంటూ ఉంటారు. వాళ్లలో ఒకరితో కలిసి, డైలాగ్ లేకుండా రెండు నిమిషాల కామెడీ చేయండి. స్టూడియోవాళ్లు ముప్ఫై పేజీల స్క్రిప్టు పక్కన పెట్టేస్తారేమో గానీ, రెండు నిమిషాల వీడియో మాత్రం చూస్తారు.