బ్యాంకు ఉద్యోగం వదిలి సైబర్ సెక్యూరిటీకి వస్తే తీసుకుంటారా?

బీకాం చదివి ఆరేళ్లు బ్యాంకు బ్రాంచిలో చేశాను, ఇప్పుడు సైబర్ సెక్యూరిటీలోకి వస్తే అసలు పిలుస్తారా అని అడిగారు. పిలుస్తారు. మీలాంటి ఒకావిడని నేనే తీసుకున్నాను.

గచ్చిబౌలిలో ఒక సాక్‌లో (సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్) టీమ్ లీడ్‌గా చేస్తున్నా, అంటే సైబర్ దాడుల అలర్ట్‌లు రాత్రీపగలూ చూసే చోటు. ఇంటర్వ్యూలో నేను ఒక మెయిల్ ప్రింట్ తీసి చేతికిస్తాను. సప్లయర్ పంపినట్టుంటుంది: మా ఖాతా మారింది, ఈ నెల బిల్లు కొత్తదానికి వేయండి అని. అది మాకు వచ్చిన మెయిలే, పేర్లు మార్చానంతే. కింద హెడర్ కూడా ఉంటుంది, అంటే మెయిల్ ఎక్కడి నుంచి ఎలా వచ్చిందో చూపే వివరాలు. అందులో ఎస్‌పీఎఫ్ పాస్, డీకిమ్ పాస్ (మెయిల్ నిజంగా ఆ కంపెనీ డొమైన్ నుంచే వచ్చిందా అని చూసే రెండు పరీక్షలు), ఎందుకంటే దొంగలు సప్లయర్ మెయిల్‌బాక్స్‌లోకే దూరి అక్కడి నుంచే పంపారు. బీటెక్ కుర్రాళ్లు చాలామంది ఆ రెండు పాస్‌లు చూసి "జెన్యూన్ సార్" అనేస్తారు. ఈవిడ హెడర్ జోలికే పోలేదు, అదేంటో తెలియదు కూడా. "సార్, పేరు చూస్తే ప్రైవేట్ లిమిటెడ్, ఖాతా సేవింగ్స్ అంటున్నారు, కరెంట్ అకౌంట్ కదా ఉండాలి?" అంది. ఆ కాగితం అప్పటికి ఎంతమందికి ఇచ్చానో, నాకే ఆ సంగతి కనపడలేదు!

చేరాక అంతా సాఫీగా సాగిందనుకునేరు. 443 పోర్ట్ (సురక్షిత వెబ్‌సైట్లు వాడేది) అంటే ఏంటో ఆవిడకి తెలియదు. మొదటి నైట్ షిఫ్ట్‌లో రెండున్నరకి నాకు ఫోన్: ఒకే యూజర్ మీద వరసగా 4625లు, అంటే ఫెయిలైన లాగిన్‌లు, ఎవరో దాడి చేస్తున్నారు సార్ అని. తీరా చూస్తే ఆ మనిషి పాస్‌వర్డ్ మార్చుకుని ఫోన్‌లో మార్చడం మర్చిపోయాడు, ఫోనేమో పాత పాస్‌వర్డ్‌తో కొట్టుకుంటూనే ఉంది. అలా కొన్నాళ్లు నాకూ నిద్ర లేదు. టీమ్‌లో గొణిగారు కూడా. నెట్‌వర్కింగ్, విండోస్ లాగ్స్ గట్టిపడటానికి నాలుగు నెలలు పట్టింది, అది ఉద్యోగంలో చేరకముందే సాయంత్రాలు కూర్చుని నేర్చుకోవచ్చు, నెట్‌వర్క్‌లో ఏం పోతోందో చూపే వైర్‌షార్క్ ఉచితమే, ల్యాప్‌టాప్‌లో రెండు వర్చువల్ మెషీన్లు, అంటే కంప్యూటర్ లోపలే నడిచే ఇంకో కంప్యూటర్లు, పెట్టుకుంటే చాలు.

కోర్సు మీ ఇష్టం, మైత్రీవనం దగ్గర బాగా చెప్పేవాళ్లూ ఉన్నారు. కానీ మూడేళ్ల దొంగ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తామని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి. వెరిఫికేషన్‌లో పీఎఫ్ సర్వీస్ హిస్టరీ అడుగుతారు, ఏ కంపెనీలో ఎప్పటినుంచి ఎప్పటిదాకా చేశారో అందులో ఉంటుంది. అలా దొరికిపోయిన ఒక కుర్రాడు పనిలో మంచివాడే, అయినా చేరిన రెండో నెలలో పంపేయాల్సి వచ్చింది, ఇప్పటికీ బాధేస్తుంది.

అసలు చిక్కు నా దగ్గర కాదు, హెచ్‌ఆర్ దగ్గర. బీటెక్ లేని రెజ్యూమే చాలాచోట్ల ఫిల్టర్‌లోనే పోతుంది. ఈవిడది కూడా రెఫరల్ మీదే నాదాకా వచ్చింది, కాబట్టి పోర్టల్‌లో వంద అప్లై చేసే బదులు లోపల పనిచేసే తెలిసినవాళ్లని పట్టుకోండి. రెజ్యూమేలో బ్యాంకు పనిని చివరికి తోయకండి, కేవైసీలో మీరు పట్టుకున్న దొంగ పత్రాల గురించి పైనే రాయండి. నైట్ షిఫ్ట్ అంటేనే టెన్షన్ అయితే ఐఎస్‌ఓ 27001 (కంపెనీ సమాచార భద్రతకి అంతర్జాతీయ ప్రమాణం) ఆడిట్ వైపు చూడండి, బ్రాంచి ఆడిట్‌లు చూసినవాళ్లకి ఆ పని త్వరగా పట్టుబడుతుంది.

జీతం మొదట్లో మీ ఇప్పటి దానికంటే తగ్గొచ్చు. ఆ లెక్క ఇంట్లో ముందే మాట్లాడుకోండి.