ప్లాస్మా దొరికి ఉంటే నాన్న బతికేవారా?

ప్రశ్న: డాక్టర్ గారూ, 2021 మే మొదటి వారంలో మా నాన్నగారు కరోనాతో పోయారు. ఆసుపత్రివాళ్లు ప్లాస్మా, అంటే కరోనా తగ్గినవాళ్ల రక్తం నుంచి తీసే ద్రవం, తెమ్మన్నారు. ఆయనది బి నెగెటివ్. రెండు రోజులు ఫోన్లు చేస్తూనే ఉన్నాను, దొరకలేదు. పక్క బెడ్ ఆయనకు దొరికింది, బతికారు. "నువ్వు ఇంకాస్త గట్టిగా తిరిగి ఉంటే..." అని అన్నయ్య ఇప్పటికీ అంటాడు. అసలు ప్లాస్మా పనిచేయదని ఈమధ్య చదివాను. ఏది నిజం?
- ఒక సోదరి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ప్లాస్మా దొరికినా మీ నాన్నగారు బతికే అవకాశం పెరిగేది కాదు. ఇది ఓదార్చడానికి అంటున్న మాట కాదు.

2020 ఏప్రిల్, జూలై మధ్య భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మన దేశంలోనే 39 ఆసుపత్రుల్లో 464 మందిపై దీన్ని పరీక్షించింది. ఎవరికివ్వాలో డాక్టర్ల ఇష్టానికి వదలకుండా లాటరీ పద్ధతిలో తేల్చారు. ప్లాస్మా ఇచ్చిన 235 మందిలో 28 రోజుల్లో 34 మంది పోయారు. ఇవ్వని 229 మందిలో 31 మంది. అంటే అది లేకుండానే 198 మంది బతికారు. మీ పక్క బెడ్ ఆయన కూడా అది లేకపోయినా కోలుకునేవారేమో.

లాటరీ ఎందుకంటే, మామూలుగా ప్లాస్మా దొరికేది డబ్బూ పరిచయాలూ ఉన్నవాళ్లకి, దాత వచ్చేదాకా తట్టుకోగలిగినవాళ్లకి. వాళ్లు కోలుకుంటే పేరు ప్లాస్మాకి వస్తుంది.

ఐసీఎంఆర్ పరీక్షలో ఇచ్చిన ప్లాస్మాలో వైరస్‌తో పోరాడే యాంటీబాడీలు తక్కువని కొందరు వాదించారు. న్యాయమైన అభ్యంతరమే. బ్రిటన్‌లో కరోనా చికిత్సల్ని పరీక్షించిన రికవరీ అనే ట్రయల్‌వాళ్లు యాంటీబాడీలు ఎక్కువున్న ప్లాస్మానే 5,795 మందికి ఇచ్చి, ఇవ్వని 5,763 మందితో పోల్చారు. రెండు వైపులా మరణాలు 24 శాతం. ఆక్సిజన్ అవసరమైనవాళ్లను డెక్సామెథసోన్ అనే చవక మందు కాపాడుతుందని తేల్చింది కూడా ఈ ట్రయలే.

2020లో నేనూ ప్లాస్మా రాశాను. ఆక్సిజన్ పడిపోతున్న మనిషి ముందు ఊరికే నిలబడలేకపోయాను. కానీ అక్టోబర్‌లో మన ట్రయల్ ఫలితం అచ్చయ్యాక కూడా ఇళ్లవాళ్లని దాతల కోసం పరుగులు పెట్టించడం తప్పు. కొందరు డాక్టర్లు, శాస్త్రవేత్తలు ప్రభుత్వానికి ఉత్తరం రాశారు. చివరికి 2021 మే 17న చికిత్స మార్గదర్శకాల నుంచి దాన్ని తీసేశారు. అప్పటికి మీ నాన్నగారు పోయి రెండు వారాలైనా కాలేదు. ఆ రెండు రోజులు మీరు ఫోన్ పట్టుకుని కాదు, ఆయన దగ్గర ఉండాల్సింది. నాకు బాధ అక్కడే.

ఈ పేజీ మీ అన్నయ్యగారికి చూపించండి. ఇంకా అనుమానముంటే ఆయన్నే నాకు రాయమనండి.