విలువిద్యలో ‘లంగరు’ వేయాలా, చెయ్యి ఆనించాలా?

సందేహం: నేను సంప్రదాయ విల్లుతో సాధన చేస్తుంటాను. కొత్తగా చేరినవాళ్ల కోసం తెలుగులో ఒక కాగితం రాశాను. అందులో ‘బాణాన్ని ఎక్కుపెట్టి, లంగరు బిందువు వద్ద చేతిని స్థిరపరచి, నారిని విడుదల చేయాలి’ అన్నాను. చదివినవాళ్లకు అర్థం కాలేదు. నారి లాగిన చెయ్యి ముఖం దగ్గర చేరే చోటును వాళ్లు యాంకర్ అనీ, నారిని వదలడాన్ని రిలీజ్ అనీ అంటున్నారు. వదిలేటప్పుడు వేళ్లు టపీమని తెరిచేస్తున్నారు. నా వాక్యంలో తప్పేమిటి? ‘ఆకర్ణాంతం’ అనే మాట ఇక్కడ వాడొచ్చా?

సమాధానం: మీ వాక్యంలో వ్యాకరణ దోషం లేదు. చిక్కంతా క్రియల దగ్గరే ఉంది. చేతికి పని నేర్పే వాక్యంలో క్రియ సరిగ్గా కుదరకపోతే చెయ్యి కూడా తప్పుగానే కదులుతుంది. మీవాళ్లు వేళ్లు తెరిచేయడానికి ‘విడుదల చేయాలి’ అనే మాట కూడా కొంత కారణమని నా అభిప్రాయం.

ముందు ‘ఎక్కుపెట్టు’ సంగతి. ఈ మాటకు అసలు అర్థం వింటికి నారి తగిలించడం. దించి ఉన్న విల్లును వంచి, నారి కొసను పై కొమ్ముకు ఎక్కిస్తాం కదా, అదే ఎక్కుపెట్టడం. మోపెట్టడం అన్నా ఇదే. సీతా స్వయంవర ఘట్టం గుర్తు తెచ్చుకోండి. రాముడు శివధనుస్సును ఎక్కుపెట్టి, నారి పట్టి లాగుతుండగా అది విరిగింది. అక్కడ బాణం ఊసే లేదు. తర్వాత్తర్వాత ఈ మాట గురిపెట్టడం అనే అర్థంలోకి జరిగింది. తుపాకీ ఎక్కుపెట్టారు, ప్రశ్నలు ఎక్కుపెట్టారు అని రోజూ చదువుతున్నాం. ఆ వాడుకను నేను తప్పనను. కానీ మీ కాగితంలో విల్లుకు నారి ఎక్కించడం ఒక మెట్టు, బాణాన్ని నారికి తగిలించడం ఇంకో మెట్టు. రెండింటికీ ఒకే మాట వాడితే నేర్చుకునేవాడు తికమకపడతాడు. రెండోదానికి ‘తొడుగు’ అనే చక్కని తెలుగు మాట ఉంది. సంస్కృతంలో చెప్పాలంటే సంధానం. రెండు వర్ణాలు కలిస్తే సంధి అన్నట్టే, బాణం వెనక కొస నారితో కలిస్తే సంధానం. ఆ వెనక కొసే పుంఖం, తెలుగులో పింజ. ఒక బాణం పింజ వెంటే ఇంకో బాణం పింజ పోతున్నట్టు ఎడతెగకుండా వచ్చేవి పుంఖానుపుంఖాలు.

ఇక లంగరు. పారసీకం నుంచి వచ్చి మనలో కలిసిపోయిన మంచి మాటే. కానీ అది ఓడది. లంగరు వేస్తే ఓడ ఆగిపోతుంది. విలుకాడి చెయ్యి ముఖం దగ్గరికి చేరాక బయటికి ఆగినట్టు కనిపిస్తుందే గానీ లాగుడు ఆగదు. వీపు కండరాలు పని చేస్తూనే ఉంటాయి, లాగే వైపు భుజం ఎముక వెన్నెముక వైపు జరుగుతూనే ఉంటుంది. అది ఆగిన క్షణంలోనే చెయ్యి తెలియకుండా ముందుకు పాకుతుంది, బాణం కిందికి పోతుంది. అందుకే లంగరుతో పాటు ‘స్థిరపరచి’ అన్నదీ నాకు నచ్చలేదు.

ఇక్కడికి కావాల్సిన మాట మన ఇళ్లలోనే ఉంది: ఆనించు. నిచ్చెనను గోడకు ఆనిస్తాం, తలను దిండుకు ఆనిస్తాం. ‘తాకించు’ అంటే అలా తగిలి ఇలా వచ్చేయవచ్చు. ‘ఆనించు’లో ఒత్తిడి ఉంది, కాసేపు ఉండటం ఉంది. చెయ్యి ఆనించే చోటును ‘ఆనిక’ అనవచ్చు. ఆధారం అనే అర్థంలో నిఘంటువుల్లో ఉన్న మాటే. కొత్తగా అనిపిస్తే ‘ఆనించే చోటు’ అనండి, చాలు.

ఈ జవాబు రాసే ముందు సాధన చేసే ఒకాయన పక్కన నిలబడి చూశాను. చూపుడు వేలి కొన ప్రతిసారీ నోటి మూలకే వచ్చి ఆనింది. ముంజేయి బాణం గీతలోనే ఉంది, మోచెయ్యి కిందికి వాలలేదు. ‘ఇక్కడ అర అంగుళం తేడా వచ్చినా బాణం చెప్పేస్తుంది’ అన్నాడాయన. అందులో అతిశయోక్తి లేదు. వింటి బలాన్ని సాధారణంగా 28 అంగుళాల లాగుడు దగ్గర లెక్కగట్టి పౌండ్లలో రాస్తారు. లాగుడు ఒక అంగుళం తగ్గితే మామూలు విల్లుకు 2, 3 పౌండ్ల బలం తగ్గుతుంది. గురి ఎంత బాగున్నా ఆనిక మారితే బాణం ఎత్తు మారిపోతుంది.

‘ఆకర్ణాంతం’ గురించి. ఆమరణం, ఆపాదమస్తకం మాటల్లో ఉన్న ‘ఆ’యే ఇందులోనూ ఉంది, ‘దాకా’ అని అర్థం. చెవి చివరి దాకా అన్నమాట. (ఆకర్ణించడం వేరు, అది వినడం.) మూడు వేళ్లతో నారి పట్టి నోటి మూల దగ్గర ఆనించే మీ పద్ధతికి ఈ మాట పొసగదు. బొటనవేలితో నారి పట్టి చెవి దాకా, ఇంకా వెనక్కి లాగే పద్ధతులున్నాయి. ‘ఆకర్ణాంతం’ వాటికి అతికినట్టు సరిపోతుంది. ఊరికే ‘పూర్తిగా లాగి’ అనే అర్థంలో మాత్రం వాడకండి. మన పూర్వులు ఈ తేడాను ఎంతో శ్రద్ధగా పట్టించుకున్నారు. ధనుర్వేద గ్రంథాల్లో లాగుడుకు ‘వ్యాయం’ అని పేరు పెట్టి, చెయ్యి ఎక్కడికి చేరిందో దాన్నిబట్టి 5 రకాలు చెప్పారు. వాటిలో నాలుగు ఇవి: జుట్టు మొదలు దగ్గరికి చేరితే కైశికం, చెవి దగ్గరికి వత్సకర్ణం, మెడ దగ్గరికి భరతం, భుజం దగ్గరికి స్కంధం. యాంకర్ అనే ఊహ మనకు కొత్తది కాదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి!

చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది విడుదల. పెరుగుదల, తగ్గుదల, ఎదుగుదల లాంటిదే ఈ మాట కూడా. పెరగడం, తగ్గడం, ఎదగడం తమంతట తాము జరిగేవి. ముడి విడిపోవడంలో ఉన్న ‘విడు’ కూడా అలాంటిదే. దానికి ‘చేయు’ తగిలించేసరికి అది మనిషి పూనుకుని చేసే పనిగా మారింది. చదివినవాడు నారిని ‘విడుదల చేయడానికి’ వేళ్లు బిగించి తెరిచాడు. నిజానికి వేళ్లు తెరుచుకునేంత వ్యవధి అక్కడ ఉండదు. పట్టు సడలగానే నారే వేళ్లను తోసుకుని పోతుంది. కాబట్టి మనిషి చేసే పనికి ‘సడలించు’, నారి చేసే పనికి ‘జారు’ అనండి. సంస్కృతంలో దీన్ని మోక్షణం అన్నారు. మోక్షానికీ దీనికీ ధాతువు ఒకటే.

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పండి. సడలాల్సింది వేళ్లు, లాగుడు కాదు. లాగుడు సాగుతూ ఉండగా వేళ్లు సడలితే చెయ్యి దవడ వెంబడే వెనక్కి, చెవి కిందికి జారుతుంది. అలా కాకుండా చెంప నుంచి పక్కకు ఎగిరిందంటే ఆ తప్పుకు మనకు వీణ దగ్గర మాట ఉంది: నారిని మీటాడు. కుడిచేతి వాటం వాళ్లు అలా మీటితే బాణం సాధారణంగా ఎడమకు పోతుంది. ‘మీటొద్దు’ అని ఒక్క మాట అంటే పిల్లలకు కూడా తెలిసిపోతుంది.

మీ వాక్యాన్ని ఇలా మార్చుకోవచ్చు: ‘నారికి బాణం తొడిగి, చూపుడు వేలు నోటి మూలకు ఆనేదాకా లాగు. ఆనించాక కూడా వీపుతో లాగుతూనే ఉండి, వేళ్లు సడలించు. నారి జారిపోతుంది.’ మొదట్లో గురి పెట్టనివ్వకుండా, 4, 5 గజాల దూరంలో పెద్ద గడ్డిమోపు పెట్టి, ఎదురుగా నిలబెట్టి, కళ్లు మూయించి, పక్కన మీరుండి ఈ మూడు వాక్యాలూ నెమ్మదిగా చదవండి. చెయ్యి ఎక్కడ ఆనిందో, ఎటు జారిందో అప్పుడు వాళ్లకే తెలుస్తుంది.