డిగ్రీ అయ్యాక మెడిసిన్ అంటే నాన్న ఒప్పుకోవడం లేదు

*మాది ఆంధ్రా సరిహద్దులో, ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి. పది వరకు ఇక్కడే. ఇంటర్ బైపీసీ శ్రీకాకుళంలో హాస్టల్లో ఉండి చదివాను. అప్పుడు నీట్‌లో సీటు రాలేదు. ఈమధ్యే ఇక్కడే బీఎస్సీ బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) పూర్తయింది. నాకు 22. మళ్లీ నీట్ రాస్తానంటే నాన్న ‘ఇంక సంబంధాలు చూడాలి’ అంటున్నారు. బరంపురంలో ఎమ్మెస్సీలో చేరి, ఇంట్లో చెప్పకుండా నీట్‌కి చదువుదామనుకుంటున్నాను. డిగ్రీ ఉంటే మెడిసిన్ నేరుగా రెండో ఏడాదిలో చేరొచ్చని ఒకాయన చెప్పాడు. నిజమేనా?*

ముందు ఆ ఒకాయన సంగతి. ఆయన చేతిలో ఒక్క రూపాయి కూడా పెట్టకండి. అమెరికాలో డిగ్రీ అయ్యాకే మెడికల్ స్కూల్‌కి వెళ్తారు, అది నాలుగేళ్లు. ఇంగ్లండ్‌లో కొన్ని కాలేజీల్లో డిగ్రీ ఉన్నవాళ్లకు ప్రత్యేకంగా నాలుగేళ్ల కోర్సు ఉంది. మన దేశంలో అలాంటి దారి లేదు. మీ బీఎస్సీ ఒక్క ఏడాదిని కూడా తగ్గించదు. నీట్ రాయాలి, మొదటి ఏడాది నుంచే చదవాలి. నాలుగున్నరేళ్లు కోర్సు, ఏడాది ఇంటర్న్‌షిప్. వయసు అడ్డు కాదు, గరిష్ఠ వయోపరిమితిని 2022లో తీసేశారు.

రహస్యంగా చదవడం నాకు నచ్చలేదు. అబద్ధమని కాదు, అది జరిగే పని కాదని. పగలంతా ఎమ్మెస్సీ ప్రాక్టికల్సూ రికార్డులూ, రాత్రి నీట్. చివరికి రెండూ పోతాయి. హాస్టల్ ఫీజు కట్టేది నాన్నగారే. విషయం బయటపడిన రోజున ఆయన అడిగేది మార్కుల గురించి కాదు.

ఆయనతో మాట్లాడే ముందు ఒక పని చేయండి. ఈ ఆదివారం మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా ఫోన్ అమ్మకిచ్చేసి, పాత నీట్ పేపరు ఒకటి పూర్తిగా రాయండి. బయాలజీలో 90 ప్రశ్నలు, అవి మీకు కొట్టినపిండి. కెమిస్ట్రీ ఎలాగోలా లాగుతారు. ఫిజిక్స్‌లో 45 ప్రశ్నలు, 720లో 180 మార్కులు. బీజెడ్‌సీలో మూడేళ్లుగా మీరు ఫిజిక్స్ పుస్తకం తెరిచి ఉండరు. తప్పు రాసిన ప్రతి దానికీ ఒక మార్కు పోతుంది. ఆ ఫిజిక్స్ మార్కు చూస్తే మీకు ఏడాది సరిపోతుందో లేదో తెలిసిపోతుంది, నన్ను అడగక్కర్లేదు.

సరిహద్దులో ఉన్నవాళ్లకు మరో చిక్కు ఉంది. ఇంటర్ ఆంధ్రాలో చదివాను కదా అని అక్కడి స్థానిక కోటా మీద ఆశ పెట్టుకోకండి. దానికి సాధారణంగా ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు అక్కడ చదివి ఉండాలి. మీవి రెండేళ్లే. ఒడిశా కోటాకి నివాస ధ్రువపత్రం కావాలి. తహసీల్దారు ఆఫీసు పని ఇప్పుడే మొదలుపెట్టండి, మిగతా షరతులు ఒడిశా ప్రవేశాల ప్రకటనలో చదవండి. ప్రభుత్వ కాలేజీల్లో 15 శాతం అఖిల భారత కోటా ఎటూ ఉంది. ప్రైవేటు సీటు మాట మాత్రం ఇంట్లో ఎత్తకండి. ఏడాదికి లక్షలు అనగానే మొదలు పెట్టకముందే మాట ఆగిపోతుంది.

ఇక నాన్నగారు. ఆయన భయం చదువంటే కాదనిపిస్తోంది, ఎప్పటికి తెములుతుందో తెలియకపోవడమే. ‘నేను డాక్టర్‌నవుతా’ అంటే ఆయనకి ఏడేళ్లు కనబడతాయి. ‘ఒక్కసారి రాస్తాను, ప్రభుత్వ సీటు రాకపోతే ఆ ఏడాదే ఎమ్మెస్సీలో చేరతాను’ అంటే ఒక ఏడాదే కనబడుతుంది. ఆ మాట అమ్మ ఎదురుగా అనండి, తర్వాత దాని మీద నిలబడండి. ఈలోగా సంబంధం ఏదైనా వస్తే నీట్ సంగతి పెళ్లిచూపుల్లోనే చెప్పమనండి. అది విని వెనక్కి తగ్గేవాళ్లు తగ్గనీ.